నూకరత్నం అత్త కర్రసాము

పోయిన నెల మా వీధి చివరి బడివాళ్లు వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. నాలుగు పుస్తకాలు రాసిన ముసలావిడకు అనకాపల్లిలో దక్కే గౌరవం తెలిసిందే కదా: ఒక శాలువా, ఒక ప్లాస్టిక్ పువ్వుల బొకే, ఎండ మొహంమీద పడే చోట ఒక మెత్తటి కుర్చీ. పాటలూ డాన్సులూ అయ్యాక తెల్ల బట్టలు వేసుకుని, నడుముకు రంగురంగుల బెల్టులు కట్టుకున్న ఆడపిల్లలు మైదానంలోకి వచ్చారు. కరాటే. ఒక్కొక్కళ్లూ గాలిలోకి గుద్దుతూ, కాలు విసురుతూ, అందరూ ఒకేసారి పక్కకు తిరుగుతూ చేస్తుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు. దాన్ని కటా అంటారట. చివర్లో వాళ్ల మాస్టారు మైకు అందుకుని, "ఇక ఈ పిల్లల జోలికి ఎవడూ రాలేడు, వస్తే ఇంటికి పోలేడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక తల్లి మాత్రం కొట్టలేదు. ఆవిడ కూతురు ముందు నిలబడ్డ పిల్లల్లో ఉంది. నావైపు ఒరిగి, "మేడమ్, పెద్దోరు మీరు సెప్పండి. నిజంగా ఎవడైనా మీదికొత్తే ఇది పనికొత్తాదంటారా?" అని అడిగింది.

తెలియదమ్మా అన్నాను. పెద్దావిడ వినయానికి అలా అంటోందనుకుని ఆవిడ నవ్వి ఊరుకుంది. కొంత తెలుసు నాకు. అయితే అది మైకుల హోరులో చెప్పేది కాదు. ఇంటికొచ్చి శాలువా మడత పెట్టినప్పటినుంచీ మా నూకరత్నం అత్త నా కళ్ల ముందు తిరుగుతూనే ఉంది. ఆవిడ గురించి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నూకరత్నం మా నాన్నకు అక్క, ఆయన పిలుపులో అప్ప. మాదీ వాళ్లదీ ఒకే పెరడు. మధ్యన గోడ ఉండేది కాదు, ఒక దండెం ఉండేది, దానిమీద ఎవరి బట్టలు ఎవరివో మా అమ్మకు మాత్రమే తెలిసేది. మా నాన్న సన్యాసిరావు బెల్లం మార్కెట్టులో కలాసీ. బండ్లమీంచి బెల్లం దిమ్మలు దించడం, కొట్లోకి మొయ్యడం ఆయన పని. సాయంత్రం ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలిస్తే కాసేపటికి గోడమీద చీమలు బారుకట్టేవి. అమ్మ ఆ చొక్కాను తీసుకెళ్లి నీళ్లలో ముంచే దాకా పెరడంతా చెమటా బెల్లం కలిసిన వాసన. అత్త భర్త అప్పారావు మావయ్య టైలరు. సన్నగా, గాలివేస్తే ఊగేలా ఉండేవాడు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. అన్నం తినేటప్పుడూ తీసేవాడు కాదు. ఈ ముగ్గురిలో మార్కెట్టు మొయ్యడానికి తగ్గ ఒళ్లు నాన్నది, గొంతు పైకి లేవని నెమ్మది మావయ్యది. అత్త ఆ రెండింటికీ మధ్యలో ఉండేది. పొట్టి మనిషి, వెడల్పు పాదాలు, ఎక్కడ నిలబడితే అక్కడ నాటుకున్నట్టు ఉండేది. మాట మాత్రం మావయ్యకన్నా మెత్తన. ఆవిడ ఎవరినైనా కేకేసి పిలవడం నేను వినలేదు. కావలసిన మనిషి దగ్గరికే నడిచివెళ్లి చెప్పేది.

మా తాత ఉప్మాక దగ్గర పల్లెలో గరిడీ గురువు. అమ్మవారి పండగలకు కర్రసాము, కత్తిసాము ఆడే జట్టు ఆయనకు ఉండేది. కొడుక్కి నేర్పాలని ఆయన ఆశ. "కర్ర తిప్పితే కూడొత్తాదా" అని మా నాన్న మీసాలు రాకముందే అనకాపల్లి వచ్చేసి బెల్లం మూటకు భుజమిచ్చాడు. ఇంట్లో మిగిలింది అత్త. జట్టుకు మంచినీళ్లు మోసుకెళ్లి, వాళ్లు ఆడుతున్నంతసేపూ చూసేదట. ఒకసారి ఎవరో జ్వరం వచ్చి రాకపోతే, ఎదురు నిలబడ్డానికి మనిషి కావాలని తాత కూతురి చేతికి కర్ర ఇచ్చాడు. ఆ పిల్ల ఒక్క అడుగూ తప్పలేదు. తాత మర్నాడు ఆ మనిషి జ్వరం తగ్గి వచ్చినా కర్ర వెనక్కి తీసుకోలేదు. పెళ్లయి అనకాపల్లి వచ్చాక అత్త ఆ కర్రను చీరల కింద పెట్టెలో పెట్టుకు తెచ్చుకుంది. కొత్త కాపురంలో ఒక తెల్లవారుజామున మావయ్య లేచి, పెరట్లో ఎవరో కర్ర పట్టుకుని దూకుతున్నారని దొంగ దొంగ అని అరవబోయాడట. అత్త దగ్గరికొచ్చి, "నానేనండి, అరవకండి, అందరూ లేసిపోతారు" అందట. ఆ కథ చెప్పినప్పుడల్లా మావయ్య, "ఆ రోజు నుంచీ మా ఇంట్లో దొంగ బయం నేదు" అనేవాడు.

మాకు నేర్పాలని ఆవిడ అనుకోలేదు. పక్కింటి గోడమీంచి తొంగిచూసిన ఆడపిల్లలు ఒక్కొక్కరూ దిగి వచ్చేశారు, వాళ్లకు ముందు నేను. సాయంత్రం పొయ్యిమీద అన్నం ఎసరు మరిగేలోగా అత్త పెరట్లో నీళ్లు చల్లేది, దుమ్ము లేవకుండా. తడిసిన మట్టి వాసన, కర్రకు పట్టించిన ఆముదం వాసన, ఏ ఇంట్లోనో ఎండుచేప కాలుతున్న వాసన. ఇప్పటికీ వీటిలో ఏ ఒక్కటి తగిలినా సాముకు నిలబడ్డట్టు నా మోకాళ్లు కొంచెం వంగుతాయి. పరికిణీలతో అడుగు వెయ్యలేకపోతున్నామని మావయ్య ముక్కలన్నీ కలిపి మాకు పంట్లాలు కుట్టాడు. ఒక కాలు చారలది, ఒక కాలు పువ్వులది. సిగ్గుపడితే, "కాలు ఆడతంటే రంగెవుడు సూత్తాడమ్మా" అనేవాడు.

అడుగులూ తిప్పుడులూ ఒక క్రమంలో గుచ్చి దండలా చేసిన వాటిని అత్త వరసలు అనేది. మొదటి వరస నాలుగు దిక్కులకూ తిరిగి దండం పెట్టడంతో మొదలయ్యేది. ఒక్కో వరస ఒంట్లోకి దిగడానికి నెలలు పట్టేది. "కర్ర సూడకు, ఎదర సూడు" అనేది అత్త. ఎదర పిడకలు కొట్టిన గోడ తప్ప ఏమీ ఉండేది కాదు. "ఎదర ఎవుడున్నాడత్తా?" అని అడిగితే, "ఉన్నాడనుకో" అనేది. మేం అనుకునేవాళ్లం. మా ఊహలో ఆ మనిషి చాలా మంచివాడు. మేం కుడిపక్క తిప్పేదాకా కుడిపక్కనే ఉండేవాడు, ఎడమకు తిరిగేదాకా ఆగి అప్పుడు ఎడమకు వచ్చేవాడు, ఆఖరి దెబ్బకు ఎవరూ చెప్పకుండానే పడిపోయేవాడు.

మా అందరిలోకీ వరసలు బాగా వచ్చింది వరాలుకి. వరాలు తల్లి పోలమ్మ చేపలు అమ్మేది. వాళ్లది రాంబిల్లి వైపు సముద్రపొడ్డు ఊరు. మగడు చేపల వేటకెళ్లే మనిషే గాని, పిల్లని చదివించాలని తల్లీకూతుళ్లు మా వీధిలో ఒక గది తీసుకున్నారు. పోలమ్మ తెల్లారేసరికి ఒడ్డుకు వెళ్లి, చేపల గంపతో బస్సెక్కి వచ్చి, ఊరంతా తిరిగి అమ్మి సాయంత్రానికి ఇల్లు చేరేది. ఆవిడ గొంతు మూడు వీధులు వినిపించేది. కూతురు పూర్తిగా వేరు. నీళ్లలో చేప కదిలినట్టు చప్పుడు లేకుండా కదిలేది. వరాలు కర్ర తిప్పుతుంటే కర్ర కనబడేది కాదు, దాని చుట్టూ ఒక పల్చటి గొడుగు తిరుగుతున్నట్టు ఉండేది. ఒక ఏడాది అమ్మవారి ఊరేగింపులో అత్త మమ్మల్ని ఆడించింది. వరాలు చేసిన చివరి వరసకు డప్పులవాళ్లు కూడా కొట్టడం మానేసి చూశారు. పోలమ్మ జనంలో నిలబడి పక్కనున్న ప్రతివాళ్లకూ, "అది నా గుంటే, నా గుంటే" అని చెప్పుకుంది. అత్త మొహం ఆ రోజు వెలిగినంతగా మళ్లీ చాలాకాలం వెలగలేదు.

ఆ పండగ తరవాత కొన్నాళ్లకే జరిగింది. సాయంత్రాలు మా పెరట్లో సాము అయ్యాక వరాలు తన కర్ర పట్టుకుని అలాగే మార్కెట్టు మలుపు దాకా వెళ్లేది, తల్లి ఖాళీ గంప అందుకోవడానికి. ఆ మలుపులో సైకిళ్లు బాగుచేసే కొట్లో ఒకడు కొన్నాళ్లుగా ఆ పిల్లని వేధిస్తున్నాడు. మాటలు, ఈలలు, వెంట నడవడాలు. వరాలు ఎవరికీ చెప్పలేదు. చెబితే సాముకు రానివ్వరని భయం. ఆ రోజు వాడు జడ పట్టుకున్నాడు. ఇంకా చీకటి పడలేదు. ఎదురుగా టీకొట్టు, కొట్టు నిండా మనుషులు. వరాలు జడ విడిపించుకుని వెనక్కి గెంతి, అత్త నేర్పినట్టే కాళ్లు ఎడం చేసి నిలబడి, వరస మొదలుపెట్టింది. కర్ర గొడుగులా తిరిగింది. వాడు ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నవ్వుతున్నాడు కూడా. వరసలో ఒక చోట కర్ర భుజం వెనక్కి పోతుంది, అక్కణ్నుంచి చుట్టి ముందుకు రావాలి. వెనక్కి పోయిన ఆ క్షణంలో వాడు లోపలికి వచ్చేశాడు. కర్ర పట్టుకుని, దానితోపాటు ఆ పిల్ల చేతినీ మెలితిప్పాడు. మణికట్టు విరిగింది. ఆ పిల్ల పక్కనున్న కాలవ గట్టుమీద పడ్డాక గాని టీకొట్టు జనం లేవలేదు. వాడు అప్పటికే సైకిలెక్కి పోయాడు.

ఆ తరవాత టీకొట్టువాళ్లు అన్న మాట నేను ఎప్పుడూ మరిచిపోలేదు. "గరిడీ ఆడతందనుకున్నాం" అన్నారు. పండగలో చూసిన పిల్లే కదా, కర్ర తిప్పుతోంది కదా, ఎదురుగా నిలబడ్డవాడు నవ్వుతున్నాడు కదా. ఒకడైతే చప్పట్లు కూడా కొట్టాడట. వరాలు నోరు విప్పి ఒక్క కేక వేసినా లేచేవాళ్లే. వెయ్యలేదు. వరసలో ఎక్కడా కేక లేదు మరి. మా అత్తకే కేకవెయ్యడం రాదు.

మర్నాడు పోలమ్మ వచ్చింది. ఊరు దద్దరిల్లేలా తిడుతుందని మా అమ్మ ముందే తలుపులు దగ్గరకు వేసింది. ఆవిడ తిట్టలేదు. గంప దించకుండా, గుమ్మం దాటకుండా నిలబడింది. మాట కూడా మా అత్త మాటంత మెత్తగా వచ్చింది.

"వదినా, నువ్వు నా గుంటకి దైర్నం నేర్పేవు. దెబ్బలాట నేర్పనేదు. ఒట్టి పిరికి గుంటయితే పరిగెట్టి నా దగ్గిరికొచ్చీసేది."

అత్త నిలబడే ఉంది. పోలమ్మ వెళ్లిపోయింది. మాకు ఆ పూట సాము లేదు, ఆ మర్నాడూ లేదు. సైకిలు కొట్టువాణ్ని పెద్దమనుషులు పిలిచి నాలుగు చీవాట్లు పెట్టారు. అంతకు మించి వెళ్తే పిల్ల పేరు నలుగురి నోళ్లలో పడుతుందన్నారు. వాడు కొన్నాళ్లకు ఎలమంచిలి వైపు ఎక్కడికో పోయాడు. అత్త మాత్రం ఇంటి పనులన్నీ చేస్తూనే ఎటో వెళ్లిపోయినట్టుండేది. తెల్లవారుజామున పెరట్లో అడుగుల చప్పుడు వినిపించడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఆవిడ మావయ్య మిషను దగ్గర కూర్చుని అడగడం నేను విన్నాను.

"ఏటండి, నాను ఎవుడితోనైనా ఎప్పుడైనా దెబ్బలాడేనా?"

"నాతోనే ఆడనేదు కదా నువ్వు" అన్నాడు మావయ్య, దారం ఎక్కిస్తూ.

"అదే మరి. మా అయ్య సెప్పినట్టు తిప్పేను. మా అయ్యకి ఆళ్లయ్య సెప్పేడు. ఆడైనా ఎవుడినైనా కొట్టేడో నేదో. కొట్టని దెబ్బ నానేలా నేర్పీసేనండి పిల్లలకి?"

మావయ్య దారం ఎక్కించడం ఆపి, "కొలత తప్పింతర్వాత సొక్కాని ఏం సేత్తాం? కుట్లు ఇప్పి సూత్తాం" అన్నాడు. ఆయనకు తెలిసిన లోకం అదే. అత్త ఆ మాటను ఊరికే వదలలేదు.

ఆదివారం మార్కెట్టు సెలవు. నాన్న స్నానం చేసి అరుగుమీద కూర్చుంటే అత్త వచ్చి ముందు నిలబడింది. మమ్మల్నందరినీ కూడా రమ్మని కబురు పెట్టింది. పిల్లలు వచ్చారు. పెరటి చుట్టూ గోడకు ఆనుకుని నిలబడ్డాం.

"సన్నాసీ, లే. నా సేతిలో కర్ర లాక్కో."

"ఏటప్పా, బుర్ర తిరిగిందేటి?"

"తిరగనేదు. ఆడు వరాల్ని పట్టుకున్నట్టు నన్ను పట్టుకో. నిజంగా."

"పెద్దప్ప మీద సెయ్యెత్తమంటావేటి నన్ను? ఊరు నవ్వదూ?"

"ఊరు సప్పట్లు కొట్టింది మొన్న. నవ్వితే నవ్వనీ."

నాన్న మా అమ్మవైపు చూశాడు, మావయ్యవైపు చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. లేచి, నీళ్లలో కాలు పెడుతున్నవాడిలా మెల్లిగా వచ్చి చెయ్యి చాపాడు. అత్త ఆయన మోకాలి కింద చిన్నగా తట్టింది. "అమ్మో" అన్నాడు. మళ్లీ తట్టింది. ఈసారి చిన్నగా కాదు. నాన్నకు పౌరుషం వచ్చింది. మూటలు మోసే మనిషి, తల వంచుకుని ఒక్కసారిగా వచ్చాడు. కర్ర ఒకటి ఆయన వీపుమీద పడింది గాని ఆయన అప్పటికే అత్త ఒంటికి ఒళ్లు ఆనించి ఉన్నాడు. అంత దగ్గరగా కర్ర ఏం చేస్తుంది? రెండు చేతులా ఎత్తి, పక్కనున్న కొబ్బరి మట్టల కుప్పమీద కూలేశాడు. మా పిల్లల్లో ఎవరో ఏడ్చారు. మా గురువుని ఎవరైనా ఎత్తగలరని మేం ఎన్నడూ అనుకోలేదు.

అత్త మట్టల్లోంచి లేచి, కొంగు బిగించి, "మళ్లీ రా" అంది. మళ్లీ పడింది. మావయ్య, "సాలు, సన్నాసీ, సాలు" అంటూ మధ్యకు వస్తే ఆయన్ని పక్కకు నెట్టింది. కొన్ని సార్లు అయ్యాక ఆవిడ తిప్పడం మానేసింది. కర్రను రెండు చేతులా పొట్టిగా పట్టుకుని, నాన్న వస్తుంటే పక్కకు ఒక అడుగు వేసి, కొసతో పొడిచింది. నాన్న "హుక్" అని పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాడు. అత్త కంగారుపడి కర్ర పారేసి తమ్ముడి పక్కన కూలబడి, "ఒరే, ఒరే, తగిలిందేట్రా" అని వీపు నిమిరింది. నాన్న ఊపిరి తీసుకోవడానికి వీలైనప్పుడు, "ఇది... ఇది నేర్పప్పా గుంటలకి" అన్నాడు. ఆ రాత్రి అమ్మ పసుపూ సున్నం పట్టువేసింది. ఆ ఆదివారంతో ఊరుకోలేదు. తరవాత చాలా ఆదివారాలు నాన్న పక్కటెముకలు మా చదువుకు పలకలయ్యాయి.

మళ్లీ సాము మొదలైంది గాని ఆ పాత సాము కాదు. వరసలు లేవు. ఒకళ్లనొకళ్లు తోసుకోవడం, జడ పట్టుకుంటే ఏం చెయ్యాలి, చెయ్యి పట్టుకుంటే బొటనవేలి వైపు ఎలా లాక్కోవాలి, అన్నిటికన్నా ముందు ఎటు పరిగెత్తాలి. మోచేతులు గీరుకుపోయేవి. పంట్లాలు చిరిగేవి. ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని మాన్పించేశారు. పండగలో చూపించుకునే విద్య అయితే సరే గాని ఈ కుమ్ములాట ఆడపిల్లలకెందుకు అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. వరస చేస్తున్నప్పుడు నేను అందంగా ఉన్నానని నాకు అనిపించేది. ఇప్పుడు మట్టిలో పొర్లుతుంటే ఏ అందమూ లేదు. అరవడం ఇంకా కష్టమైంది. అత్త తానే ముందు అరిచి చూపాలనుకుంది. నోరు తెరిచింది, గాలి వచ్చింది గాని గొంతు రాలేదు. మేం నవ్వితే తనూ నవ్వింది. "ఇన్నేళ్లు మింగింది ఒక్కపాలి రమ్మంటే ఎలా వత్తాది" అంది.

ఈ రోజు పిల్లలకు కింద మెత్తటి చాపలున్నాయి. తలకు, గుండెకు రక్షణ కవచాలున్నాయి. చెయ్యి వేసినవాడిమీద కేసు పెట్టమనే చట్టాలున్నాయి, జేబులో ఫోనుంది. పెద్దమనుషుల చీవాట్లతో సరిపెట్టుకున్న ఆ కాలం మంచిదని నేను ఎప్పటికీ అనను. కాని చప్పట్లు కొట్టే జనం మాత్రం అప్పుడెలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు; చేతిలో ఫోను పెట్టుకుని వీడియో తీస్తున్నారు, అంతే. గాలితో సాధన చేసిన దెబ్బకు గాలే తెలుసు. ఎదురొచ్చే ఒంటి బరువు, వాడి ఊపిరి, వాడి వాసన, మన గుండె దడ, ఇవేవీ గాలికి ఉండవు. అది తెలిసిన గురువు పిల్లల్ని నమ్మించడు. మైకులో మాట్లాడిన ఆ మాస్టారు చెడ్డవాడని నేను అనుకోను. పిల్లల్ని చూసి మా అత్త పొంగినట్టే పొంగాడు. ఆయన పెరట్లోకి తల వంచుకుని దూసుకొచ్చే తమ్ముడు ఎవరూ ఇంకా రాలేదేమో. నా సంగతంటారా, నేను జీవితంలో ఎవరితోనూ దెబ్బలాడవలసి రాలేదు. ఒక్కసారీ నన్ను ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి నేర్చుకున్నది నాకు పనికొచ్చిందని చెప్పుకునే హక్కు నాకు లేదు. అది విద్య గొప్పతనం కాదు, నా అదృష్టం.

మరి వరసలు దండగేనా అంటే, వరాలు తిరిగొచ్చిన రోజు గురించి చెప్పాలి.

కట్టు కట్టినన్నాళ్లూ అత్త రోజూ వాళ్ల గదికి వెళ్లేది. గంజో, కూరో పట్టుకెళ్లి గుమ్మంలో పెట్టి వచ్చేది. పోలమ్మ గిన్నె తీసుకునేది, కడిగి తిరిగిచ్చేది, మాట్లాడేది కాదు. కట్టు విప్పాక ఒక సాయంత్రం మేం పెరట్లో తోసుకుంటుంటే వరాలు వచ్చింది. మణికట్టు సన్నగా, తెల్లగా, ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టుంది. వెనకాలే గంపతో పోలమ్మ. కూతురు ఎక్కడికెళ్తోందో చూద్దామని వచ్చినట్టుంది ఆవిడ నిలబడ్డ తీరు.

అత్త ఎదురెళ్లింది. "రామ్మా. కూకో. ఇయ్యేల పొడవడం నేర్పుతన్నాను, నువ్వు సూత్తూ ఉందువు గాని."

"అది తర్వాత నేర్సుకుంటానత్తా" అంది వరాలు. "మొదటి వరస సెయ్యాలుంది నాకు."

మేమందరం ఆగిపోయాం. అత్త మొహం మాడిపోయింది. "ఒద్దే. అదే కదే నీ సెయ్యి ఇరగ్గొట్టింది."

"అది ఇరగ్గొట్టనేదత్తా. ఆడు ఇరగ్గొట్టేడు."

వరాలు ఎప్పుడూ అంత మాట ఒక్కసారి మాట్లాడలేదు. మాట్లాడ్డం మొదలుపెట్టాక ఆపలేదు. మంచంమీద పడుకుని కళ్లు మూసుకుంటే వాడి మొహమే కనిపించేదట. అప్పుడు మనసులో మొదటి వరస మొదలుపెట్టేదట. నాలుగు దిక్కులకూ దండం, కుడి అడుగు, తిప్పుడు. చివరి అడుగు దాకా వెళ్లేసరికి వాడు పోయేవాడట. "నాను దెబ్బలాటకి సెయ్యనత్తా. పొడవడం నేర్పు, పరిగెట్టడం నేర్పు, అన్నీ నేర్సుకుంటాను. కానీ ఇది నాది. ఆడు ఇది కూడా తీసుకుపోతే ఎలా?"

అత్త ఆ పిల్ల చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా తిప్పి చూసింది. సగం దాకా తిరిగి ఆగిపోయింది. ఇంకొంచెం తిప్పబోతే వరాలు పళ్లు బిగపట్టింది. కర్ర తిరగాలంటే ముందు మణికట్టు తిరగాలి. అది మా అందరికీ తెలుసు.

"ఈ సేత్తో అవదమ్మా" అంది అత్త.

"ఎడం సేత్తో?"

అత్త తల అడ్డంగా ఊపింది. "మా అయ్య కుడిసేత్తోనే నేర్పేడు. ఎడం సేత్తో నాకే రాదు."

నాకు రాదు అనే మాట ఆవిడ నోట మేం వినడం అదే మొదలు. అప్పుడు గుమ్మం దగ్గర గంప దించిన చప్పుడైంది. పోలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, వీధి వీధంతా వినిపించే తన మామూలు గొంతుతో, "రాకపోతే నేర్సుకో వదినా! నువ్వేటి ముసిలైపోయేవా?" అంది. అంతటితో ఆగకుండా, "అరుపు సంగతి నాకొదిలీ. రేపటి నుంచి నాను నేర్పుతాను గుంటలకి" అని కూడా అంది.

అత్త కర్రను ఎడమచేతిలోకి మార్చింది. ఒక చుట్టు తిప్పిందో లేదో జారి కోళ్ల గూడుమీద పడింది. కోళ్లు గోలపెట్టాయి. రెండోసారి తన చెవికే తగిలించుకుంది. అడుగులూ తడబడ్డాయి. ఇన్నేళ్లు కుడివైపుకు కట్టుకున్న ఒళ్లు ఎడమకు తిరగనంది. నవ్వాలని ఉన్నా మేం నోళ్లు మూసుకుని నిలబడ్డాం. ముందు నవ్వింది వరాలే. ఆ నవ్వు చూసి అత్త కూడా చెవి రుద్దుకుంటూ నవ్వింది. తరవాత కిందపడ్డ కర్ర తీసుకుని, ఇంకో కర్ర వరాలు ఎడమచేతికిచ్చి, ఆ పిల్ల పక్కనే మొదటిరోజు పిల్లలా కాళ్లు ఎడం చేసి నిలబడి, గోడ దగ్గరున్న మావైపు తిరిగింది.

"ఎవత్తైనా సెప్పండే" అంది, "ఇప్పుడు ఏ కాలు ముందు ఎయ్యాలి?"